బుజ్జీ, న్యూయార్క్‌లో నీళ్ళు చూసుకుని తాగు

బుజ్జీ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. హలో లేదు ఏం లేదు, ఎత్తగానే "ఇదంతా నీ వల్లేనే అక్కా" అని మొదలుపెట్టింది. ఏమైందే తల్లీ అంటే అప్పుడు చెప్పింది, న్యూయార్క్ మారథాన్ డ్రాలో నీ పేరు వచ్చిందంట, టికెట్ కూడా బుక్ చేసేసుకున్నావంట, అదీ ఒక్కదానివే వెళ్తున్నావంట, పెద్దమ్మ గట్టిగా చెప్తే ఆగుతుంది కాబట్టి నువ్వే చెప్పు అని నా మీద పెట్టింది. సరే చెప్తాలే అని పెట్టేశా. ఆ తర్వాత నిద్ర పట్టలేదు, బీరువాలోంచి నా పాత బిబ్‌లన్నీ, అదే రేసులో చొక్కాకి తగిలించుకునే నంబరు కాగితాలు, తీసి మంచం మీద పరుచుకుని కూర్చున్నా, మీ పెదనాన్న లైట్ ఆపెయ్యనా అని రెండుసార్లు అడిగారు, మూడోసారి అడక్కుండానే దుప్పటి మొహం మీదకి లాక్కుని పడుకున్నారు.

కాబట్టి ఆపడానికి రాయట్లేదు. మీ అమ్మ అడిగితే మాత్రం పెద్దమ్మ బాగా తిట్టింది అని చెప్పు. తిట్లు కూడా ఉన్నాయిలే, మధ్యలో వస్తాయి.

ముందు చిన్న చిన్నవి గబగబా చెప్పేస్తా, ఇవి నీకు తెలిసే ఉంటాయి. షూస్ చెకిన్ బ్యాగులో పెట్టకు, కాళ్ళకి వేసుకుని వెళ్ళు, లేదంటే చేతి బ్యాగులో పెట్టు, రేసు రోజు వేసుకునే బట్టలు కూడా అందులోనే. పరుగు మధ్యలో శక్తి కోసం మింగే జెల్స్ మాత్రం లిక్విడ్ కిందకే వస్తాయి, చేతి బ్యాగులో ఎక్కువ పెడితే సెక్యూరిటీ దగ్గర తీసిపారేస్తారు, అవి చెకిన్‌లో పెట్టు. కొత్త షూస్, కొత్త సాక్స్, కొత్త జెల్, బిబ్ తీసుకునే ఎక్స్‌పోలో ఊరికే ఇచ్చిన కొత్త డ్రింకు, ఏదీ రేసు రోజు ముట్టుకోవద్దు. వాసెలిన్ నువ్వనుకున్న దానికి రెట్టింపు రాసుకో, ముఖ్యంగా బ్రా లైన్ కింద, లేకపోతే స్నానం చేసేటప్పుడు హోటల్ మొత్తం వినపడేలా అరుస్తావు. లేసులకి రెండు ముళ్ళు వెయ్యి. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు రేసులో పరిగెత్తితే కవర్ అవుతుందో లేదో అడిగి మరీ తీసుకో.

జెట్ లాగ్ గురించి ఒక మాట. ఎన్ని గంటల తేడా ఉంటే దాదాపు అన్ని రోజులు పడుతుంది శరీరం సర్దుకోవడానికి. సెలవు దొరకట్లేదు పెద్దమ్మా అంటావు, తెలుసు, అయినా శుక్రవారం దిగి ఆదివారం పరిగెత్తే ప్లాన్ అయితే మార్చుకో. బుధవారానికన్నా అక్కడ ఉండు. శనివారం రాత్రి ఎలాగూ నిద్ర పట్టదు, ఎవరికీ పట్టదు, అందుకే శుక్రవారం రాత్రి నిద్రే అసలు నిద్ర అనుకో. ఇంకోటి, ఈ రేసు నవంబర్ మొదటి ఆదివారం కదా, సరిగ్గా ఆ తెల్లవారుజామునే అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఫోన్ తనంతట తను మార్చుకుంటుంది, హోటల్లో మంచం పక్కన ఉండే గడియారం మార్చుకోదు. నేను ఆ సంగతి మర్చిపోయి దాన్నే చూసి లేచి, హడావుడిగా అన్నీ వేసుకుని కిందికి దిగితే లాబీలో ఒక్క పురుగు లేదు. గంట ముందే దిగానని తెలిసి మళ్ళీ పైకెళ్ళి బిబ్ తగిలించుకునే మంచం మీద వెల్లకిలా పడుకున్నా.

ఇంకా, ఊరు చూడటం అంతా రేసు తర్వాత పెట్టుకో. బెర్లిన్‌కి వెళ్ళినప్పుడు శనివారం మొత్తం మ్యూజియంలు తిరిగాం, మళ్ళీ ఎప్పుడొస్తామో అని. సాయంత్రానికి వాచీలో చూస్తే 19 కిలోమీటర్లు నడిచాను. ఆదివారం 28వ కిలోమీటరు దగ్గర నా తొడలు ఆ మ్యూజియంల పేర్లన్నీ వరసగా గుర్తు చేశాయి. అదే బెర్లిన్‌లో ఇంకో తమాషా ఉంది, చివర్లో బ్రాండెన్‌బర్గ్ గేట్ కనపడుతుంది, అదే ఫినిష్ అనుకుని జనం చేతులు పైకెత్తి స్ప్రింట్ కొడతారు, తీరా గేట్ దాటాక చూస్తే అసలు లైను ఇంకా కొన్ని వందల మీటర్లు అవతల ఉంటుంది. నేనూ ఎత్తాను చేతులు. ఫోటో ఉంది, ఎవరికీ చూపించలేదు.

ఒక్కోసారి అంతా సరిగ్గా చేసుకున్నా రేసే జరక్కపోవచ్చు. 2012లో శాండీ తుఫాను తర్వాత న్యూయార్క్ రేసు శుక్రవారం రద్దు చేశారు, ఆదివారం పరుగు, అప్పటికే వేలమంది వచ్చి దిగి ఉన్నారు. వాళ్ళలో చాలామంది ఆ ఆదివారం బ్యాగుల్లో సామాను సర్దుకుని ఫెర్రీ ఎక్కి స్టాటెన్ ఐలాండ్‌లో ఇళ్ళు మునిగిన వాళ్ళకి పంచడానికి వెళ్ళారు. అది తల్చుకున్నప్పుడల్లా ఈ పరిగెత్తే జాతి మీద నాకు మళ్ళీ గౌరవం పుడుతుంది. నీకు అలా అవుతుందని కాదు. మెడల్ రాకపోతే ట్రిప్ మొత్తం వేస్ట్ అనుకునే మూడ్‌లో మాత్రం వెళ్ళకు అంటున్నా.

సరే, ఆ రోజు సంగతికి వద్దాం. న్యూయార్క్‌లో పరుగు కన్నా ముందు ఎదురుచూపు ఉంటుంది, దాన్నీ ఒక రేసు లాగే ప్లాన్ చెయ్యాలి. చీకట్లో లేవాలి, ఫెర్రీయో బస్సో ఎక్కి స్టాటెన్ ఐలాండ్ చేరాలి, అక్కడ నీ వేవ్, అంటే విడతలుగా వదిలే గుంపుల్లో నీది, వచ్చేదాకా చలిలో గడ్డి మీద కూర్చోవాలి. చివరి వేవ్‌లు పదకొండు దాటాక వదుల్తారు. అంటే లేచినప్పటి నుంచి పరుగు మొదలయ్యేదాకా ఐదారు గంటలు, హోటల్లో తిన్నది అప్పటికి అరిగిపోతుంది, అక్కడ కూర్చున్నాక తినడానికి రెండో టిఫిన్ కూడా పట్టుకెళ్ళు, లాంగ్ రన్‌లకి ముందు ఏది తింటున్నావో అదే. పారేసినా బాధ లేని పాత స్వెటర్, పాత ప్యాంటు, టోపీ వేసుకో, అక్కడ వదిలేసినవన్నీ పోగుచేసి దానాలకి ఇస్తారు. నేను మీ పెదనాన్న స్వెటర్ ఒకటి అలా వదిలేసి వచ్చా, ఆయన అది ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నారు, ఈ లేఖ ఆయనకి చూపించకు.

మొదలవ్వగానే వెరజానో బ్రిడ్జి. మొత్తం కోర్సులో ఎత్తైన చోటు అదే, మొదటి మైలంతా ఎక్కుడే, కానీ గుండె అదురులో నీకు తెలియను కూడా తెలీదు, రెండో మైలు దిగుడు, అక్కడే అందరూ పిచ్చి స్పీడులో పోతారు. పోనీ వాళ్ళని. ఆ బ్రిడ్జికి రెండు అంతస్తులు, నీకు కింది డెక్ వస్తే ఒక చిన్న మాట, పక్క నుంచి ఏవైనా చినుకులు పడితే వాన అనుకుని నోరు తెరవకు, పైడెక్ మగవాళ్ళ గురించి రన్నర్లు చెప్పుకునే జోకు ఒకటుంది, అంతకన్నా రాయను. తర్వాత బ్రూక్లిన్ చాలా సేపు, జనం అరుస్తూనే ఉంటారు, కాళ్ళు హాయిగా ఉంటాయి. సగం దాటాక క్వీన్స్, ఆ తర్వాత క్వీన్స్‌బరో బ్రిడ్జి, అక్కడ చూసేవాళ్ళు ఎవరూ ఉండరు. ఒక్కసారిగా నిశ్శబ్దం. చుట్టూ షూస్ చప్పుడు, ఊపిరి చప్పుడు, ఎవరో ఒకరి దగ్గు. అక్కడ నాకు భయమేసింది, అప్పటిదాకా నన్ను మోసింది నా కాళ్ళు కాదు జనమేమో అనిపించింది. బ్రిడ్జి దిగి ఫస్ట్ ఎవెన్యూలోకి తిరగ్గానే మళ్ళీ హోరు, చెవులు పగిలిపోతాయి, అక్కడ స్పీడ్ పెంచావో బ్రాంక్స్‌లో కట్టాల్సి వస్తుంది, వడ్డీతో సహా. ఫిఫ్త్ ఎవెన్యూలో సెంట్రల్ పార్క్ పక్కన ఎక్కుడు ఒకటుంది, చూడ్డానికి చదునుగానే కనపడుతుంది, 37 కిలోమీటర్లు నడిచిన కాలికి మాత్రం కొండ.

అన్నట్టు బోర్డులన్నీ మైళ్ళలో ఉంటాయి, ఐదేసి కిలోమీటర్లకి మన టైము నమోదు చేసే టైమింగ్ మ్యాట్ ఉంటుంది, వాచీ ఏ లెక్కలో పెట్టుకుంటావో ముందే తేల్చుకో. వాచీ 42.195 చూపించేసినా ఫినిష్ కనపడకపోతే మోసం చేశారని తిట్టుకోకు. కోర్సు కొలిచేది మలుపుల్లో లోపలి అంచు పట్టుకుని అతి దగ్గర దారిలో, మనం జనంలో అటూ ఇటూ ఊగుతూ పోతాం కాబట్టి ఎప్పుడూ ఎక్కువే పరిగెత్తుతాం. అసలు ఆ 195 మీటర్ల పీడ 1908 లండన్ ఒలింపిక్స్ పుణ్యం, విండ్సర్ కోటలో మొదలుపెట్టి స్టేడియం దాకా 26 మైళ్ళు, ఆ పైన రాజకుటుంబం కూర్చున్న చోటు ముందు ముగియాలని ఇంకో 385 గజాలు. 1921లో దాన్నే ఖాయం చేశారు. వాళ్ళు ఇంకాస్త ఇటు కూర్చుని ఉంటే మనకి ఎంత సుఖం.

ఇంక అసలు విషయానికి వస్తున్నా. ఇప్పటిదాకా రాసింది మర్చిపోయినా పర్లేదు, ఇది మాత్రం రెండుసార్లు చదువు.

చికాగోలో నాకు ఏమైందో నీకు ఇంట్లో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. "పెద్దమ్మకి ఎండదెబ్బ తగిలింది" అన్నారు కదా? ఎండదెబ్బ కాదు. నీళ్ళదెబ్బ.

అది నా మూడో మారథాన్. నాకు 49. రెండు వారాల ముందు నుంచి కుడి మోకాలు కొంచెం నొప్పిగా ఉంది, ముందుజాగ్రత్త అని పొద్దున్నే ఒక ఐబూప్రొఫెన్ వేసుకున్నా, జేబులో ఇంకోటి పెట్టుకున్నా, సగం దూరంలో అదీ వేసుకున్నా. ఆ రోజు కాస్త ఎండగా ఉంది. దాహం వేసేదాకా ఆగకూడదు, వేసిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు అని ఎవరో చెప్పింది బుర్రలో కూర్చుంది. చికాగోలో దారి పొడుగునా ఇరవై దాకా ఎయిడ్ స్టేషన్లు, ఒక్కటి వదల్లేదు బుజ్జీ, ఒక్కటంటే ఒక్కటి. ప్రతిచోటా ఒక స్పోర్ట్స్ డ్రింకు కప్పు, ఒక నీళ్ళ కప్పు. వేగంగా పోయేవాళ్ళకి తాగే టైమే ఉండదు, నా లాంటి నిదానపు మనిషికి తీరిగ్గా ఆగి రెండు చేతులా తాగే టైము ఉంటుంది. తర్వాత ఇంటికొచ్చి లెక్కేస్తే ఐదు లీటర్లు దాటింది.

25 కిలోమీటర్లు దాటాక వాచీ బెల్టు బిగుసుకుపోతున్నట్టు అనిపించి ఒక కన్నం వదులు చేశా. 30 దగ్గర ఇంకో కన్నం. ఉంగరం చుట్టూ వేలు ఉబ్బి, ఉంగరం దారం కట్టినట్టు లోపలికి దిగిపోయింది. కడుపులో నీళ్ళు కుండలో లాగా చప్పుడు చేస్తున్నాయి. తలనొప్పి మొదలైంది. నాకు ఏమనిపించాలి, చాలు తాగింది అనిపించాలి కదా. నాకేమనిపించిందో తెలుసా, అయ్యో డీహైడ్రేట్ అయిపోతున్నా అనుకుని ఇంకో కప్పు ఎక్కువ తాగా. ఫినిష్ దాటాక వాలంటీర్ పిల్ల ఒకమ్మాయి బాటిల్ ఇస్తే అక్కడే నిలబడి మొత్తం ఖాళీ చేశా. మెడల్ వేసుకున్నా, ఫోటో దిగా, నవ్వుతున్నా కూడా ఫోటోలో. ఆ ఫోటోలో నా మొహం చూస్తే ఎవరిదో లావుపాటి మొహం లాగా ఉంటుంది, అప్పుడు సంతోషం అనుకున్నాం.

హోటల్‌కి నడిచే వెళ్ళాం. మీ పెదనాన్న, నువ్వు పడుకో నేను ఏదైనా తినడానికి తెస్తా అని వెళ్ళారు. నేను బాత్రూం గచ్చు మీద కూర్చుని షూస్ విప్పబోయా. లేసుకి రెండు ముళ్ళు వేసుకున్నా కదా. ఆ ముడి వంక చూస్తూ కూర్చున్నా. అది ముడి అని తెలుసు, విప్పాలని తెలుసు, కానీ ఎక్కడ పట్టుకోవాలి, ఏ కొస లాగాలి అన్నది తల్లోకి రావట్లేదు. చిన్నపిల్లకి ఇచ్చిన పజిల్ లాగా అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నా. భయం లేదు, అదే విచిత్రం, భయపడాలని కూడా తోచలేదు. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు.

మీ పెదనాన్న కళ్ళజోడు మర్చిపోయారు. మెనూ చదవలేక దాని కోసం వెనక్కి వచ్చారు. ఆయన తలుపు తీస్తే నేను తలెత్తి "ఇది ఎటు లాగాలండీ" అని అడిగానంట. ఆ మాట నాకు గుర్తులేదు, ఆయనకి గుర్తుంది. వెంటనే వాంతి చేసుకున్నా. ఆయన ఫ్రంట్ డెస్క్‌కి ఫోన్ చేశారు, అంబులెన్స్ వచ్చింది.

హాస్పిటల్లో రక్తం తీసి చూస్తే సోడియం, అంటే రక్తంలో ఉండే ఉప్పు, 126. మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉండాలి. బరువు చూస్తే ముందురోజు హోటల్ జిమ్‌లో చూసుకున్న దానికన్నా కిలోన్నర ఎక్కువ, 42 కిలోమీటర్లు పరిగెత్తి బరువు పెరిగిన మనిషిని నేను. డాక్టరమ్మ చాలా ఓపిగ్గా చెప్పింది, ఎక్కువసేపు పరిగెత్తుతున్నప్పుడు శరీరం నీళ్ళని బయటికి పంపకుండా పట్టుకుని ఉంటుందంట, ఆ నొప్పి మాత్ర దాన్ని ఇంకా ఎక్కువ చేస్తుందంట, మనం పైనుంచి పోస్తూనే ఉంటే రక్తంలో ఉప్పు పలచబడిపోయి నీళ్ళు కణాల్లోకి దూరి అవి ఉబ్బుతాయంట. వేలు ఉబ్బితే బయటికి కనపడుతుంది. మెదడు ఉబ్బితే పుర్రెలో జాగా ఎక్కడుంది. స్పోర్ట్స్ డ్రింకు కూడా తాగాను కదా అన్నా, అందులో ఉప్పు రక్తంలో ఉన్న దానికన్నా చాలా తక్కువమ్మా, అదీ నీళ్ళ కిందే లెక్క అంది. ఉప్పు ఎక్కువగా ఉండే సెలైన్ కొంచెం కొంచెంగా ఎక్కించారు. అంతకుముందే ఉంగరం కోసేశారు, చిన్న చక్రం లాంటి కట్టర్‌తో, వేలికీ ఉంగరానికీ మధ్య సన్న రేకు దూర్చి. కోసిన ఉంగరాన్ని మందుబిళ్ళలు ఇచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పులో వేసి మీ పెదనాన్న చేతికిచ్చారు. తిరుగు ప్రయాణంలో ఫ్లైట్ అంతా ఆయన అరగంటకోసారి చొక్కా జేబు తడుముకుంటూనే ఉన్నారు. అతికించిన గీత ఇప్పటికీ కనపడుతుంది, ఈసారి వచ్చినప్పుడు చూడు.

ఇది నా ఒక్కదాని పిచ్చి అనుకున్నా చాలాకాలం, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు, అందుకే ఎండదెబ్బ కథ. తర్వాత చదివితే తెలిసింది, 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్ష చేస్తే 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉందంట, 2005లో ఆ స్టడీ వచ్చింది. ఎక్కువగా ఎవరికంటే పరుగులో బరువు పెరిగిన వాళ్ళకి, నాలుగు గంటలు దాటిన వాళ్ళకి. అంటే నాకు. అంటే బుజ్జీ, నీకు కూడా, నీ లాంగ్ రన్ టైములు మీ అమ్మ నాకు చెప్పింది, ఐదు గంటలు పడుతుంది నీకు, ఏం అనుకోకు.

అందుకని విను. న్యూయార్క్‌లో దాదాపు ప్రతి మైలుకీ నీళ్ళు పెడతారు, పెట్టారు కదా అని తాగకు. దాహం వేస్తే తాగు, వెయ్యకపోతే ఆ వాలంటీర్లకి థాంక్యూ చెప్పి పో. నవంబర్ చలిలో నీకు చికాగోలో నాకు పట్టినంత చెమట కూడా పట్టదు. నొప్పి మాత్రలు రేసు ముందు వద్దు, మధ్యలో వద్దు, మోకాలు అంత నొప్పిగా ఉంటే పరుగే వద్దు. ఉంగరాలు తీసేసి హోటల్లో పెట్టు. వేళ్ళు ఉబ్బినా, వాచీ బిగుసుకున్నా, కడుపులో చప్పుడైనా తాగడం ఆపెయ్, తల తిరుగుడో వాంతో వస్తే మెడికల్ టెంట్ దగ్గర ఆగి "నా సోడియం చూడండి" అను, ఆ ఒక్క మాట ఇంగ్లీషులో బట్టీ పట్టు. డీహైడ్రేషన్ అనుకుని ఎవరైనా బాటిల్ చేతిలో పెడితే ముందు ఆ మాట చెప్పు. రేసు అయ్యాక కూడా గటగటా తాగకు, ఒకసారి బాత్రూంకి వెళ్ళొచ్చేదాకా మెల్లగా, ఏదైనా ఉప్పగా ఉండేది తిను.

ఇంక తిట్లు. బిబ్ వెనకాల ఎమర్జెన్సీ కాంటాక్ట్ రాసే చోటు ఉంటుంది, పోయినసారి హాఫ్ మారథాన్ బిబ్ నువ్వు స్టేటస్‌లో పెడితే చూశా, వెనకాల ఖాళీ. సిగ్గులేదా? అది రాయడానికి ఎంతసేపు? ఏ ఊరుగాని ఊర్లోనో పడిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి వాళ్ళు, నీ ఇన్‌స్టా చూసుకోవాలా? ఈసారి రాయి. నా నంబర్ రాయి, మీ అమ్మది కాదు, అది ఫోన్ ఎత్తగానే ఏడుస్తుంది, వాళ్ళకి ఏం అర్థం కాదు.

నిన్ను తిడుతున్నానే గానీ నేను ఎక్కడ బుద్ధిగా ఉన్నానులే. మొదటిసారి బయటికెళ్ళి పరిగెత్తింది ఏథెన్స్‌లో, అక్కడ మారథాన్ అనే ఊరి నుంచే మొదలవుతుంది నిజంగా, పది నుంచి 31 కిలోమీటర్ల దాకా ఎక్కుడే ఎక్కుడు, ఆ సంగతి ముందు చూసుకోకుండా వెళ్ళాను. చివరికి పాత పాలరాతి స్టేడియంలోకి దిగుతాం, 1896లో మొదటి ఒలింపిక్స్ మారథాన్ ముగిసింది అక్కడే, గెలిచిన స్పిరిడాన్ లూయిస్ నీళ్ళు మోసి బతికేవాడంట. ఆ రోజు నేను లోపలికి వచ్చేసరికి మెట్ల మీద జనం చాలామంది వెళ్ళిపోయారు, ఊడ్చేవాళ్ళు వచ్చేశారు, ఒక ఊడ్చే ఆయన చీపురు చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు. నాకు ఎంతమంది చప్పట్లు కొట్టినా ఆయనవే గుర్తుంటాయి. నువ్వు చంటిపిల్లవి అప్పుడు, మెడల్ అంటే నోట్లో పెట్టుకునే వస్తువు అనుకునేదానివి, ఆ ఏథెన్స్ మెడల్ రిబ్బన్ కొస నమిలింది నువ్వే.

అందుకే ఒక్కదానివే వెళ్తున్నావంటే గర్వంగా ఉంది, అంతే భయంగా ఉంది. పరిగెత్తేటప్పుడు భయం లేదు, నీ చుట్టూ యాభై వేలమంది ఉంటారు. నా భయం ఆ తర్వాత గంటలది. నీ వేవ్ ఆలస్యంగా మొదలైతే నువ్వు ముగించేసరికి ఐదు అవుతుంది, గడియారం వెనక్కి తిప్పారు కదా అప్పటికే చీకటి పడుతుంది, చెమట బట్టల మీద చలి, పార్కులోంచి బయటికి రావడానికే చాలాదూరం నడవాలి, ఫోన్ బ్యాటరీ అయిపోయి ఉంటుంది, హోటల్ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటావు. ఆ గదికి కళ్ళజోడు మర్చిపోయి వెనక్కి వచ్చేవాళ్ళు ఎవరూ లేరు. అర్థమైందా ఎందుకు ఇంత రాస్తున్నానో?

కాబట్టి ఇలా చెయ్. రేసు అయ్యాక పోంచో, అదే ఒంటి మీద కప్పుకునే దుప్పటి లాంటి అంగీ, ఇచ్చే ఆప్షన్ ఉంటుంది, అది తీసుకో, వెచ్చగా ఉంటుంది. చిన్న పవర్ బ్యాంక్ నడుం బెల్టులో పెట్టుకో. ఆ సాయంత్రం గదిలో ఒంటరిగా పడుకోకు, కనీసం రెండు గంటలు లాబీలోనో బయట తినేచోటో నలుగురి మధ్య కూర్చో, మెడల్ తీయకు, మెడల్ ఉంటే ఎవరో ఒకరు పలకరిస్తారు. రన్నర్లకి ముక్కూమొహం తెలియని వాళ్ళతో కాళ్ళ నొప్పుల గురించి మాట్లాడటం మహా ఇష్టం. అదే రాత్రి ఫ్లైట్ బుక్ చేసుకోలేదు కదా? చేసుకుని ఉంటే మార్చు, పరిగెత్తిన కాళ్ళతో అన్ని గంటలు కదలకుండా కూర్చుంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, ఒకటి రెండు రోజులు ఆగి బయల్దేరు, నడవ పక్క సీటు తీసుకో, కాంప్రెషన్ సాక్స్ వేసుకో, గంటకోసారి లేచి నడువు. సోమవారం పొద్దున మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరిగి రెయిలింగ్ పట్టుకుని దిగు, నవ్వే వాళ్ళని నవ్వనీ, ఆ రోజు ఆ ఊర్లో సగం మంది అలాగే దిగుతుంటారు.

యాప్‌లో నీ బిబ్ నంబర్ కొడితే ఐదేసి కిలోమీటర్లకి నీ టైము కనపడుతుంది, నంబర్ రాగానే నాకు పంపు. మీ అమ్మకి ఆ యాప్ గురించి చెప్పకు, ఒక మ్యాట్ దగ్గర అప్‌డేట్ ఆలస్యమైతే పోలీసులకి ఫోన్ చేస్తుంది. నేను చూసుకుంటా, నేనే దానికి చెప్తూ ఉంటా. 35కీ 40కీ మధ్య నిదానంగా పోయినా పర్లేదు, నడిచినా పర్లేదు, నేను ఆ ఐదు కిలోమీటర్లు ఎప్పుడూ నడిచాను, ఎవరూ మెడల్ వెనక్కి అడగలేదు.

అయిపోయాక మెడల్ ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టు, అందరూ దండాలు, చప్పట్లు బొమ్మలు పెడతారు. నాకు మాత్రం విడిగా ఇంకో ఫోటో పంపు, గదికి వెళ్ళాక, లేసులు విప్పి పక్కన పెట్టిన షూస్‌ది. ఎన్నింటికైనా పంపు, మేలుకునే ఉంటా.

మీ
పెద్దమ్మ